సురవరం దారిలో మీ బ్లాగు

వందేళ్ల కిందట హైదరాబాద్‌లో ఇంటర్నెట్ లేదు, తెలుగుకు ఆదరణ లేదు. అయినా ఒక యువకుడు ఊరూరి సమాచారాన్ని తన బల్ల మీదికి రప్పించుకున్నాడు. కొత్తగా బ్లాగు రాస్తున్న మీకు ఆయన జీవితంలో పనికొచ్చే పాఠం ఒకటుంది.

మీరు ఉప్పల్, నాచారం వైపు జవహర్‌నగర్‌లో ముగ్గురు స్నేహితులతో కలిసి ఓ రూమ్‌లో ఉంటున్నారనుకుందాం. డిగ్రీ అయిపోయింది. పొద్దున కోచింగ్, సాయంత్రం లైబ్రరీ. రెజ్యూమెలో ఓ లైను పెరుగుతుందని సీనియర్ ఒకరు చెబితే బ్లాగు కూడా తెరిచారు. మొదటి వారం ఊపులో మూడు పోస్టులు రాసేశారు. నాలుగోది రాయడానికి కూర్చుంటే ఏమీ తోచడం లేదు. ఆలోచన కోసమని ఫోన్ తీశారు. ఒక వీడియో, దాని కింద ఇంకొకటి, ఆపైన వాట్సాప్ గ్రూపులో ఎవరో పడేసిన ఉద్యోగ నోటిఫికేషన్. అది అసలుదో నకిలీదో తేల్చుకునేసరికి రాత్రి పదకొండయింది. బ్లాగు మాత్రం అక్కడే ఉంది.

మీకు రాయడం రాక వచ్చిన ఇబ్బంది కాదిది. రాయడానికి కావలసిన సరుకు మీ దగ్గరికి సరైన దారిలో రావడం లేదు. ఏది చదవాలో మీరు ఎంచుకోవడం లేదు, ఫోన్ ఎంచుతోంది. ఈ చిక్కుకు సాంకేతికంగా ఒక చక్కని మందు ఉంది. దాని పేరు వెబ్ ఫీడ్. దాని గురించి చెప్పేముందు ఒక మనిషి గురించి చెప్పాలి. ఆయన సురవరం ప్రతాపరెడ్డి.

బిట్లలో ఇమడని మనిషి

గ్రూప్స్‌కి చదువుతున్న వాళ్లకు ఈ పేరు కొత్త కాదు. గోలకొండ పత్రిక సంపాదకుడు ఎవరు, మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు ఎవరు, తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఏ పుస్తకానికి వచ్చింది. మూడు బిట్లకూ జవాబు ఆయన దగ్గరే ఉంది. మీరు టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోతారు. కానీ ఒక్కసారి ఆగి చూడండి. ఈ మూడు పనులనూ ఒక్క మనిషి ఎలా చేయగలిగాడు? ఆ పనుల వెనకున్న అలవాటు ఏమిటి? మార్కులు తెచ్చే బిట్టు కన్నా ఆ అలవాటే మీకు ఎక్కువ కాలం అక్కరకొస్తుంది.

ప్రతాపరెడ్డి 1896 మే 28న బోరవెల్లిలో పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు. కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న నడిగడ్డ ప్రాంతం అది. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. అప్పుడు నిజాం రాజ్యం. తుంగభద్ర దాటితే కర్నూలు, అది బ్రిటిష్ వాళ్ల మద్రాసు రాష్ట్రం. నది ఇటువైపు పాలన, చదువు, కచేరీ అన్నీ ఉర్దూలో. అటువైపు తెలుగు బడులు, తెలుగు పత్రికలు, తెలుగు అచ్చుయంత్రాలు. ఒక్క ఏరు అడ్డం, రెండు లోకాలు. ఆ రెండింటినీ చిన్ననాటి నుంచే చూసిన పిల్లవాడాయన.

బడి చదువు కర్నూలులో సాగింది. అక్కడే వెల్లాల శంకరశాస్త్రి దగ్గర సంస్కృతం, కావ్యాలు చదువుకున్నారు. ఇంటర్మీడియట్‌కు హైదరాబాద్ నిజాం కళాశాలలో చేరారు. తర్వాత మద్రాసు వెళ్లి ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. చేశారు. న్యాయశాస్త్రం కూడా పూర్తిచేశారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లిష్ నాలుగింట్లోనూ చదవగలిగిన యువకుడు. వకీలుగా స్థిరపడితే ఏ లోటూ ఉండదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ప్యాకేజీ చేతిలో ఉన్న అభ్యర్థి.

ఆయన మరో దారి పట్టారు. 1924లో హైదరాబాద్ రెడ్డి హాస్టల్‌లో కార్యదర్శిగా చేరారు. నగర కొత్వాలుగా పేరు పొందిన రాజాబహదూర్ వెంకటరామారెడ్డి 1918లో మొదలుపెట్టిన విద్యార్థి వసతిగృహం అది. పల్లెల నుంచి నగరానికి చదువుకు వచ్చిన కుర్రాళ్లకు గూడు. మీ జవహర్‌నగర్ రూమ్ నుంచి ఒక సిటీ బస్సు దూరంలో, ఆబిడ్స్ వైపు ఉంటుంది.

హాస్టల్ పని అంటే బియ్యం లెక్క, పప్పు లెక్క, ఫీజుల వసూలు. ఆయన వాటితో సరిపెట్టుకోలేదు. అక్కడి గ్రంథాలయం మీద దృష్టి పెట్టారు. పుస్తకాలు తెప్పించారు, పత్రికలు తెప్పించారు. కొన్నేళ్లలో అది వేల పుస్తకాల భాండాగారమైంది. పల్లె నుంచి వచ్చిన కుర్రాడు భోజనం చేసిన కప్పు కిందనే లోకం చదువుకునే వీలు కలిగింది. ఇక్కడొక సంగతి గమనించండి. ఆయన ముందు రాయలేదు. ముందు తెప్పించారు.

పోస్టులో వచ్చిన ప్రపంచం

ఆ రోజుల హైదరాబాద్ సంగతి కొంచెం తెలియాలి. 1921 నవంబరులో నగరంలో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలిచేశారు. అంతకుముందు ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లిష్‌లో మాట్లాడిన వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. రాజ్యంలో ఎక్కువ మంది మాట్లాడే భాషకు రాజధానిలో దక్కిన మర్యాద అది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది.

పత్రికల పరిస్థితి అంతకన్నా పలచన. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చారు. అదే ఏడాది ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక నడిపారు. రెండూ సాహసాలే, కానీ ఎక్కువ కాలం నిలవలేదు. రాజధాని నుంచి గట్టిగా నిలబడే తెలుగు పత్రిక ఒకటి కావాలి. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలైంది. సంపాదకుడు ప్రతాపరెడ్డి. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండడానికి ఇంకా పద్దెనిమిది రోజులు ఉంది.

పత్రిక వారానికి రెండుసార్లు వచ్చేది. వారానికి రెండు పోస్టులు అనుకోండి. మీకు నాలుగో పోస్టుకే సరుకు అయిపోయింది. ఆయన వారానికి రెండుసార్లు పత్రిక నిండా నింపాలి. పెద్ద సిబ్బంది లేరు. సంపాదకీయం రాయడం, వచ్చిన రచనలు దిద్దడం, ప్రూఫులు చూడడం, ఉత్తరాలకు జవాబులివ్వడం, చందాల లెక్క చూడడం చాలావరకు ఆయన నెత్తినే పడేది. పేజీలు నింపడానికి మారుపేర్లతో కూడా రాసేవారు.

మరి రెండు దశాబ్దాల పాటు ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చింది? పోస్టులో వచ్చింది. ఆ కాలపు పత్రికాఫీసులన్నిటికీ ప్రాణం టపా. పత్రికలు ఒకదానికొకటి ప్రతులు పంపుకోవడం అప్పటి వాడుక. దూరాన అచ్చయిన సంచిక కొద్ది రోజుల్లో ఇక్కడి సంపాదకుడి బల్ల మీద ఉండేది. దాంతోపాటు పల్లెల నుంచి చందాదారుల ఉత్తరాలు, విలేఖరుల కబుర్లు, కొత్త కవుల పద్యాలు. ఒక ఊళ్లో వెట్టిచాకిరీ, ఇంకో ఊళ్లో గ్రంథాలయం వార్షికోత్సవం, మరో చోట బడి లేక పిల్లలు పడుతున్న ఇబ్బంది. ఆ కబుర్ల కోసం సంపాదకుడు ఊరూరూ తిరిగి రానక్కర్లేదు. ఎవరి నుంచి రావాలో ముందే ఏర్పాటు ఉంటుంది కాబట్టి కబురే వెతుక్కుంటూ వచ్చేది. వెబ్ ఫీడ్ చేసే పని కూడా అక్షరాలా ఇదే.

తేలిక కాలం కాదది. సభ పెట్టుకోవాలన్నా ముందే అనుమతి కావాలి. ఆ ఆంక్షే పరీక్షల్లో మీరు చదివే గస్తీ నిషాన్ 53. పత్రిక ఏం రాస్తోందో సర్కారు కనిపెడుతూ ఉండేది. మాట కటువైతే పత్రికే మూతపడొచ్చు, మాట మెత్తనైతే చదివేవాడికి లాభం లేదు. ఆ రెంటి నడుమ నడవాలంటే రాసిన ప్రతి సంగతికీ ఆధారం చేతిలో ఉండాలి. వినికిడి మాటల మీద పత్రిక నడపడం కుదరదు. వాట్సాప్ ఫార్వర్డుల మీద బ్లాగు నడపడం కుదరనట్టే.

1930లో మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడిగా ప్రతాపరెడ్డిని ఎన్నుకున్నారు. అప్పటికి పత్రిక పెట్టి నాలుగేళ్లే. ఊరూరి కష్టం ఆయన బల్ల మీదికి వచ్చి చేరేదన్నది గుర్తుంచుకుంటే, ఆ ఎన్నిక ఎందుకో అర్థమవుతుంది.

లేరన్న మాటకు లెక్కతో జవాబు

ఆయన జీవితంలో అందరికీ తెలిసిన ఘట్టం ఇక్కడొస్తుంది. ముడుంబై వెంకట రాఘవాచార్యులు అనే పండితుడు నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని రాశారు. పూజ్యం అంటే సున్నా. ఆ మాట ఇక్కడి వాళ్లకు గుచ్చుకుంది.

మీరైతే ఏం చేస్తారు? సోషల్ మీడియాలో ఇలాంటి మాట కనబడితే మన వేళ్లు ఊరుకోవు. కింద వంద కామెంట్లు, వాటికి రెండొందల జవాబులు, తెల్లారేసరికి అందరూ మర్చిపోతారు. ప్రతాపరెడ్డి దగ్గర పత్రిక ఉంది, పదునైన కలం ఉంది. ఘాటైన సంపాదకీయం ఒకటి రాసి చేతులు దులుపుకోవచ్చు. ఆయన లెక్క తీయడానికి కూర్చున్నారు.

తెలంగాణ నలుమూలల్లో ఉన్న కవుల పద్యాలు, వివరాలు సేకరించడం మొదలుపెట్టారు. ఫోన్లు లేవు. చాలా ఊళ్లకు సరైన బాటలు లేవు. ఎవరో తాత రాసిన పద్యాలు తాటాకుల్లో ఉంటాయి, ఎవరో పంతులు రాసుకున్నవి గూట్లో దుమ్ముపట్టి ఉంటాయి. అలాంటివన్నీ పోగయ్యాయి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులున్నారు. సున్నా అన్నచోట 354. పద్యాలతో పాటు కవుల వివరాలూ ఇచ్చారు. ఇక వాదన ఏముంటుంది?

ఈ పని కష్టం పోగేయడంలోనే ఉంది. ఆ కవులు అప్పటికే ఉన్నారు. రాస్తూనే ఉన్నారు. ఒక ఊరి కవి సంగతి పక్క ఊరికి తెలియదు, అంతే. విడివిడిగా ఉన్నంతకాలం లేనివాళ్ల కిందే లెక్క. ఒకచోట చేర్చగానే ఉన్నవాళ్లయ్యారు. చేర్చినవాడు తన గొప్ప చెప్పుకోలేదు, ఎవరి పద్యం కింద వాళ్ల పేరు ఉంచాడు. తొంభై ఏళ్లు దాటినా తెలంగాణ సాహిత్య చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ ఆ సంచిక తెరవాల్సిందే.

తెలుగు బ్లాగుల మొదటి రోజుల్లో కూడా అచ్చం ఇలాంటి పనే జరిగింది. 2000 తర్వాతి దశకంలో తెలుగులో టైప్ చేయడమే పెద్ద విద్య. హైదరాబాద్‌లో ఒకరు, అమెరికాలో ఒకరు, ఏదో చిన్న ఊళ్లో ఇంకొకరు బ్లాగులు రాసుకునేవారు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. అప్పుడు కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు వచ్చాయి. ప్రతి బ్లాగు నుంచి ఫీడ్ తీసుకుని కొత్త పోస్టులన్నీ ఒకే పేజీలో చూపించేవి. పొద్దున్నే ఆ పేజీ తెరిస్తే తెలుగులో నిన్న ఎవరు ఏం రాశారో తెలిసిపోయేది. కొత్తగా రాసినవాడికి మొదటి పాఠకుడు అక్కడే దొరికేవాడు. గోలకొండ కవుల సంచికకు ఇవి దూరపు చుట్టాలు.

చదివింది పోగైతే చరిత్ర

ఆయన మూడో పెద్ద పని ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వచ్చిన పుస్తకం. అప్పటిదాకా చరిత్ర అంటే రాజుల చరిత్ర. ఎవరు ఎవరిని ఓడించారు, ఎవరి తర్వాత ఎవరు గద్దెనెక్కారు. మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, పెళ్లిళ్లు ఎలా చేసుకున్నారు, ఏ దేవతలకు మొక్కుకున్నారు? ఇవి శాసనాల్లో పెద్దగా దొరకవు.

ఆయన కావ్యాల్లో వెతికారు. పాల్కురికి సోమనాథుడి రచనలు, క్రీడాభిరామం, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి. మనం పరీక్ష కోసం కవి పేరు, కాలం గుర్తుపెట్టుకుని వదిలేసే పుస్తకాలవి. ఆయన వాటిలో ఒక పద్యంలో వంటకం పేరు, ఇంకోచోట పిల్లల ఆట, మరోచోట నగ, సంత, పన్ను, వైద్యం ఏరుకున్నారు. క్రీస్తుశకం 1050 ప్రాంతం నుంచి 1907 దాకా దాదాపు ఎనిమిదిన్నర శతాబ్దాల జనజీవితాన్ని అలా కూర్చారు.

ఇది ఒక రాత్రిలో అయ్యే పని కాదు. చదివేటప్పుడే పక్కన రాసుకుని, రాసుకున్నది వర్గాలుగా విడదీసి దాచుకుంటే తప్ప సాధ్యం కాదు. తిండి ఒకచోట, బట్ట ఒకచోట, ఆట ఒకచోట. ఫీడ్ రీడర్‌లో మీరు పెట్టుకునే ఫోల్డర్లు, నక్షత్రం గుర్తులు, లేబుళ్లు అన్నీ ఈ పనికే. తేడా ఒక్కటే. ఆయన చేతికి సిరా అంటింది.

సంపాదకత్వం తర్వాత ఆయన 1951లో ప్రజావాణి పత్రిక నడిపారు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. మరుసటి ఏడే, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. వయసు 57. రెండేళ్ల తర్వాత 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగుకు అది మొదటిది. అందుకోవడానికి ఆయన లేరు. ఇప్పుడు ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది.

ఇక మీ వంతు: ఫీడ్ అంటే ఏమిటి?

ఇంత చెప్పింది ఆయనకు దండం పెట్టి ఊరుకోవడానికి కాదు. ఆయన టపా ఏర్పాటును మీరు మీ ఫోన్‌లో చేసుకోవచ్చు. డబ్బు ఖర్చు లేదు.

చాలా వెబ్‌సైట్లు, బ్లాగులు తమ కొత్త సమాచారాన్ని పేజీతో పాటు ఇంకో రూపంలో కూడా ఉంచుతాయి. శీర్షిక, తేదీ, కొంత వివరం, లంకె ఉన్న చిన్న జాబితా అది. దాన్నే ఫీడ్ అంటారు. ఆర్ఎస్ఎస్ అనే పద్ధతి 1999లో నెట్‌స్కేప్ కంపెనీలో మొదలైంది. ఆటమ్ అనే మరో పద్ధతి 2005లో ప్రమాణంగా స్థిరపడింది. 2000లో వచ్చిన ఆర్ఎస్ఎస్ 1.0 తయారీలో పాలుపంచుకున్న వాళ్లలో ఆరన్ స్వార్ట్జ్ అనే అమెరికా కుర్రాడు ఉన్నాడు. అప్పుడతనికి 14 ఏళ్లు. వయసు చిన్నదని ఆగిపోయేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

ఫీడ్‌ను చదివిపెట్టే యాప్‌ను ఫీడ్ రీడర్ అంటారు. ఫీడ్‌లీ, ఇనోరీడర్ లాంటివి ఉచితంగా కొంత వరకు దొరుకుతాయి. కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ కూడా ఈ పని చేస్తుంది. మీకు నచ్చిన సైటు అడ్రస్ రీడర్‌లో వేస్తే చాలు, ఫీడ్ ఉంటే చాలావరకు అదే పట్టుకుంటుంది. ఆ సైటులో కొత్తది రాగానే మీ దగ్గరికి వస్తుంది. ఒక్కో సైటూ తెరిచి చూసే పని తప్పుతుంది. సాధారణంగా వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి, మధ్యలో ఎవరో ఎంచి తోసిన వీడియోలు ఉండవు.

జాబితా ఎంత ఉండాలి? మొదట పది చాలు. అన్నీ చేర్చేస్తే రెండో రోజుకే వెయ్యి చదవనివి పోగుపడతాయి, మీరు రీడర్ తెరవడమే మానేస్తారు. మూడు ఫోల్డర్లు పెట్టుకోండి. మొదటిది ఉద్యోగం. ప్రభుత్వ ప్రకటనలకు పీఐబీ, బ్యాంకింగ్ పరీక్షలకు చదివేవాళ్లకు రిజర్వ్ బ్యాంక్. రెండింటికీ ఫీడ్లు ఉన్నాయి. రెండోది మీ సబ్జెక్టు. కంప్యూటర్ సైన్స్ అయితే ఆ రంగంలో రోజూ రాసే ఇద్దరు ముగ్గురు నిపుణుల బ్లాగులు, కామర్స్ అయితే పన్నుల గురించి రాసేవాళ్లవి. మూడోది మీలాంటి కొత్త బ్లాగర్లు. వాళ్లను చదివితేనే వాళ్లు మిమ్మల్ని చదువుతారు.

ఒక జాగ్రత్త. ఫీడ్ లేని సైట్లు కూడా చాలా ఉన్నాయి. నియామక సంస్థల విషయంలో ఫీడ్ మీదో, ఇంకొకరి పోస్టు మీదో పూర్తిగా ఆధారపడొద్దు. నోటిఫికేషన్ ఏదైనా సంస్థ అధికారిక వెబ్‌సైటులో స్వయంగా చూసుకున్నాకే ఫీజు కట్టండి. డిపాజిట్ కడితే ఉద్యోగం అని వాట్సాప్‌లో తిరిగేవాటికి మూలం ఎక్కడుందో వెతకండి. మూలం దొరకలేదంటే దాన్ని అక్కడే వదిలేయండి. పత్రిక మూతపడే కాలంలో ఆధారం లేనిది అచ్చువేయకూడదన్న జాగ్రత్త సంపాదకులను కాపాడింది. మిమ్మల్నీ కాపాడుతుంది.

చదవడానికి రోజుకు ఇరవై నిమిషాలు పెట్టుకోండి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి దిగేలోపు అయిపోతుంది. శీర్షికలు చూడండి, అక్కర్లేనివి దాటేయండి, బాగున్నదానికి నక్షత్రం పెట్టండి. రాత్రి ఆ నక్షత్రం పెట్టినవాటిలో ఒక్కదాని గురించి నోటుబుక్కులో రెండు లైన్లు రాయండి. ఎక్కడ చదివారు, ఏ తేదీ, మీకు ఏం తట్టింది. వారం చివర ఏడు నోట్లు ఉంటాయి. వాటిలో రెండు మూడు ఒకదానికొకటి అతుకుతాయి. మీ నాలుగో పోస్టు అదే.

పోస్టులో ఎవరి మాట తీసుకున్నా వాళ్ల పేరు, లంకె ఇవ్వండి. వాళ్ల వ్యాసం మొత్తం ఎత్తి మీ బ్లాగులో పెట్టడం దొంగతనం. సంచికలో 354 మంది పేర్లూ ఎవరివి వాళ్లకే ఉన్నాయి కాబట్టే ప్రతాపరెడ్డి పేరు నిలిచింది.

ఇంకో మాట. ఏ యాప్‌నూ శాశ్వతం అనుకోవద్దు. 2005లో వచ్చిన గూగుల్ రీడర్‌ను ఎంతోమంది వాడేవారు. 2013 జూలై 1న దాన్ని మూసేశారు. అప్పటికి తమ జాబితాను ఓపీఎంఎల్ అనే ఫైలుగా దింపుకున్నవాళ్లు మర్నాడు ఇంకో రీడర్‌లో పని మొదలుపెట్టారు. మీ రీడర్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది. నెలకోసారి అది నొక్కి జాబితా దాచుకోండి. ఇక మీ బ్లాగు బ్లాగర్‌లోనో వర్డ్‌ప్రెస్‌లోనో ఉంటే దానికీ ఫీడ్ దానంతటదే తయారవుతుంది. దాన్ని ముందు మీ రీడర్‌లోనే చేర్చి సరిగా వస్తోందో లేదో చూసుకోండి.

జవహర్‌నగర్ సంచిక

చివరగా, ఏం రాయాలి? అందరూ రాసే ఇంటర్వ్యూ చిట్కాలు మీరూ రాస్తే వెయ్యిలో ఒకరవుతారు. మీ కాళ్ల కింద ఉన్నదాన్ని చూడండి. జవహర్‌నగర్‌కు ఒకవైపు నాచారం పారిశ్రామికవాడ, ఇంకోవైపు ఉప్పల్. ఆ దారిలోనే ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ లాంటి జాతీయ పరిశోధన సంస్థలు. కాస్త ముందుకెళ్తే తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఇన్ని ఉన్నా మీ రూమ్‌లో రోజూ వినబడే మాట ఏమిటి? ఈ ఏరియాలో ఏముంది, ఉద్యోగం కావాలంటే మాదాపూర్ వైపే పోవాలి అని.

అది పూజ్యం అన్న మాట లాంటిదే. నిజం కావచ్చు, కాకపోవచ్చు. లెక్క తీస్తేగానీ తెలియదు. నాచారంలో ఏ యూనిట్లు ఉన్నాయి, ఏవి అప్రెంటిస్‌లను తీసుకుంటాయి, పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనలు ఎప్పుడెప్పుడు వస్తాయి, వాటికి ఏ డిగ్రీ కావాలి. ఫీడ్లు ఉన్నవి ఫీడ్‌లో పెట్టండి, లేనివి వారానికోసారి చూడండి, గేటు దగ్గరికి వెళ్లి అడగాల్సినవి అడగండి. తేదీ వేసి, మూలం చెప్పి, వారానికో పోస్టు పెట్టండి. ఆరు నెలల తర్వాత ఉప్పల్ వైపు ఉద్యోగం వెతికే ప్రతివాడూ మీ బ్లాగు తెరవాల్సి వస్తుంది. ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పమంటే గొంతు తడారకుండా చెప్పడానికి మీకో పని ఉంటుంది. ఒకవేళ లెక్క తీశాక నిజంగానే ఇక్కడ ఏమీ లేదని తేలితే, అది కూడా ఆధారంతో చెప్పగల మొదటి మనిషి మీరే.

రీడర్‌లో మొదటి పది అడ్రసులు ఈ రాత్రే వేయండి. సాయంత్రం ఖాళీ ఉంటే ఏదైనా గ్రంథాలయంలో గోలకొండ కవుల సంచిక అడిగి ఓ పది పేజీలు తిరగేయండి. కవి పేరు, ఊరు. మరో కవి పేరు, మరో ఊరు. మీ మొదటి జాబితా కూడా అలాగే ఉండొచ్చు. ఒక యూనిట్ పేరు, దాని పక్కన వీధి పేరు.